పిండిమర మేడ మీద సిస్టర్ గారు

మొన్న బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి షేర్ ఆటో ఆగింది. ఎదురుగా యోగా దినోత్సవం ఫ్లెక్సీ. తెల్లబట్టల్లో ఒక అమ్మాయి పద్మాసనం వేసుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. వెనకాల కృష్ణానది, కొండ, అప్పుడే పొడుస్తున్న సూర్యుడు. కింద ‘ఒత్తిడి లేని జీవితం మీ చేతుల్లోనే’ అని రాసి ఉంది. నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో కూరగాయల సంచి ఉంది. సంచి మీద స్పీకర్ ఆన్ చేసిన ఫోన్ ఉంది. ఫోన్లో ఎవరో ఆవిణ్ణి ఆపకుండా తిడుతున్నారు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. నాకు సిస్టర్ గారు గుర్తొచ్చారు.

ఆవిడ నవ్వుతూ ఆసనం వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఆవలిస్తూ వెయ్యడం చూశాను. ముందుకి వంగి కాలివేళ్ళు పట్టుకుని, అలాగే నోరంతా తెరిచి ఆవలించి, “మీరు కూడా ఆవలించండి, మొహమాటం ఎందుకు?” అనేవారు. ఆ ఫ్లెక్సీ చూసి ఉంటే, “ఆ పిల్ల భుజాలు చూశారా? ఫొటో తీసేదాకా బిగబట్టుకుని కూర్చుంది పాపం” అని జాలిపడేవారు.

సిస్టర్ గారు పోయి ఏడాది కావస్తోంది. 

సిస్టర్ అంటే సన్యాసిని అనుకునేరు. కొత్తగా వచ్చినవాళ్ళు అలాగే అనుకుని, ఆవిడ మెడలో పుస్తెలు చూసి తికమకపడేవాళ్ళు. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. వార్డులో పేషెంట్లు పిలిచిన పిలుపే పటమటలో కూడా ఉండిపోయింది. నైట్ డ్యూటీలతో నడుము పట్టేస్తే ఎప్పుడో ఎవరి దగ్గరో యోగా నేర్చుకున్నారట. నడుము బాగైంది కానీ యోగా వదల్లేదు. అంతకుమించి ఆవిడ తన గురించి చెప్పేవారు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

క్లాసు పటమటలో ఒక పిండిమర మీది మేడగదిలో, రాత్రి భోజనాలకి ముందు జరిగేది. కింద మర ఆడితే పైన నేల సన్నగా వణికేది. వెల్లకిలా పడుకుంటే ఆ వణుకు వీపులోంచి పళ్ళదాకా తెలిసేది. బియ్యప్పిండి పట్టే రోజు ఫరవాలేదు. గోధుమపిండి రోజు వాసన కమ్మగా ఉండి ఆకలేసేది. కారం పట్టే రోజు మాత్రం దీర్ఘశ్వాస తియ్యమంటే గదంతా తుమ్ములు. ఎండాకాలం మిరపకాయలు వచ్చాయంటే కొన్నాళ్ళు అదే వరస. “ఇవాళ కారం ఆడుతున్నాడు. ప్రాణాయామం లేదు. కాళ్ళూ చేతులూ ఆడించి ఇళ్ళకి పోదాం” అనేవారు సిస్టర్ గారు. మంచి చోటికి మారొచ్చు కదండీ అని ఎవరో అంటే, “మంచి చోట యోగా ఎవరైనా చేస్తారు” అన్నారు.

నేనక్కడికి వెళ్ళింది గుండె జబ్బు వచ్చిందనుకుని. అప్పట్లో ఊరి బయట ఒక పెద్ద జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. తెల్లారకముందే కాలేజీ బస్సు ఎక్కితే చీకటి పడ్డాక దిగేదాన్ని. క్లాసులు, తెల్లవారుజామున హాస్టల్ పిల్లల్ని లేపి భోజనాల హాల్లో చదివించే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులు తగ్గితే మీటింగులు, మార్కులు పెరిగితే ఇంకా పెరగాలని మీటింగులు. ఒకరోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ ఉండగా ఊపిరి అందలేదు. సుద్దముక్క జారిపోయింది. ముందు బెంచీలో పిల్లలు నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. సూర్యారావుపేటలో ఒక డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, “గుండె రాయిలా ఉందమ్మా. ఇదంతా టెన్షన్. యోగా చెయ్యండి” అన్నాడు. మందుల చీటీలో నిజంగానే ‘యోగా’ అని రాశాడు, రోజుకొకసారి.

మెట్లెక్కి వెళ్ళేసరికి సిస్టర్ గారు కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నారు. పొట్టిగా, బొద్దుగా, నేతచీర మోకాళ్ళ మధ్య దోపుకుని, భుజాన తువ్వాలుతో ఉన్నారు. గడియారం మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్నారు. పేరు అడగలేదు. నా చెయ్యి అందుకుని నాడి చూశారు.

“ఏం చేస్తారండీ?”

“ఫిజిక్స్ చెప్తానండీ.”

“శాంతి కోసం వచ్చారా?”

నేను కాస్త సిగ్గుపడి అవునన్నాను.

“అది మా దగ్గర లేదండీ. గుడి ఆ సందులో ఉంది. చర్చి రోడ్డవతల. ఇక్కడైతే నడుం వంగుతుంది, మోకాలు కాస్త మాట వింటుంది. నిద్ర పట్టినా పట్టొచ్చు, గ్యారంటీ లేదు. ఉంటారా?”

ఉన్నాను. ఉండక ఎక్కడికి పోతాను?

ఆవిడకి పేర్లు గుర్తుండేవి కావు. నేను ఫిజిక్స్ మేడం. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన మోకాలు గారు. వన్ టౌన్‌లో చీరల కొట్టున్న ఒకాయన షుగరు గారు. “షుగరు గారూ, మోకాలు గారి మీద పడకండి” అంటే కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు, పాతవాళ్ళు సర్దుకుని కూర్చునేవాళ్ళు. లోపలికి వస్తూనే ఫోన్లన్నీ ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో వెయ్యాలి. మూత పెట్టినా డబ్బా గురగురమంటూనే ఉండేది. “మీ అందరి బతుకులూ అందులో అరుచుకుంటున్నాయి. మీరు ఇక్కడున్నారు. అంతే తేడా” అనేవారు.

మొదటిరోజు నన్ను కూర్చోబెట్టి వెనక్కి వచ్చి నిలబడ్డారు. “భుజాలు చెవుల దగ్గర ఎందుకున్నాయండీ?” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“దించండి. ఎవరూ కొట్టడం లేదు మిమ్మల్ని.”

దించాను. ఎన్నేళ్ళుగా అలా ఎత్తిపెట్టుకుని తిరుగుతున్నానో, దించగానే మెడ నరాలు జివ్వుమన్నాయి. తర్వాత పడుకోమన్నారు. “పీల్చడం సంగతి దేవుడు చూసుకుంటాడు. వదలడం మీరు చూసుకోండి. అందరూ పట్టుకుని కూర్చుంటారు, అదే గొడవ” అంటూ మా మధ్య నడుస్తున్నారు. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. ఆపుకుందామంటే ఎక్కువైంది. పక్కన పాతికమంది ఉన్నారని సిగ్గు. అంతలో ఫ్యాను చప్పుడు పెద్దదైంది. ఎవరికీ ఏమీ వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి నా తలపక్కన ఉతికిన తువ్వాలు ఒకటుంది. సిస్టర్ గారు గదికి ఆ చివర మోకాలు గారితో ఏదో వాదిస్తున్నారు. తర్వాత్తర్వాత నాకు తెలిసింది, ఎవరైనా ఏడుస్తున్నారంటే ఆవిడ ఫ్యాను స్పీడు పెంచేవారు. చలికాలంలో కూడా. క్లాసు మధ్యలో హఠాత్తుగా గాలి ఎక్కువైతే మేమెవరం కళ్ళు తెరిచేవాళ్ళం కాదు.

మోకాలు గారితో ఆవిడ వాదన ఓంకారం గురించి. ప్రతిరోజూ అదే. యోగా అంటే ఓంకారంతో మొదలవ్వాలని ఆయన పట్టు. క్రైస్తవురాలు కాబట్టే ఆవిడ అననివ్వడం లేదని ఆయన అనుమానం. ఒకరోజు ఆ మాట పైకే అనేశారు. గదిలో అందరం బిగుసుకుపోయాం. సిస్టర్ గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

“మీరు ఓం అనుకోండి మాస్టారూ. నేను ఆమెన్ అనుకుంటాను. ఈ షుగరు గారు సాయంత్రం బేరాల గురించి అనుకుంటారు, ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. ఎవరేదనుకున్నా నోరు మూసుకుని అనుకుందాం. కింద మర చప్పుడే చాలు మనకి.”

మాస్టారు నవ్వారు. ఆ తర్వాత ఆ గొడవ రాలేదు.

అవతలి గొడవ మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఆవిడ వెళ్ళే చర్చిలో కొందరికి ఈ యోగా నచ్చలేదు. పెద్దలు ఇంటికొచ్చి, పాటల బృందంలో ఉన్నావిడ ఇలాంటివి నేర్పడం బాగుండదని చెప్పారట. ఆవిడ వాదించలేదు. పాటల బృందం మానేశారు, యోగా మానలేదు. ముందు వరసలో కూర్చునే మనిషి వెళ్ళి చివరి బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఇదంతా ఆవిడ చెప్పింది కాదు, అదే చర్చికి వెళ్ళే ఒకావిడ చెప్పింది. నేను ఉండబట్టలేక అడిగితే, “చివరి బల్ల మీదికి ఫ్యానుగాలి బాగా వస్తుందండీ” అన్నారు. అని, మాట మార్చడానికి నా మోచెయ్యి వంపు సరిచేశారు. చాపలు పరుస్తూ రోజూ ఏదో పాట కూనిరాగం తీసేవారు, ఆ వారమంతా అది వినపడలేదు.

రేకుడబ్బాలో పడని ఫోన్ ఒక్కటే, ఆవిడది. ఆవిడ భర్తకి పక్షవాతం. మంచం మీద అటూ ఇటూ తిప్పాలన్నా మనిషి ఉండాలి. పక్కింటావిణ్ణి కాసేపు కూర్చోబెట్టి క్లాసుకి వచ్చేవారు. మేమంతా పడుకుని ఉండగా ఫోన్ మోగేది. మెట్ల మీదికి వెళ్ళి, “వస్తున్నానండీ, అయిపోయింది, వస్తున్నా” అని గొంతు తగ్గించి చెప్పి, తిరిగొచ్చి, అదే గొంతుతో “వదలండి, మెల్లగా వదలండి” అనేవారు. 

ఒకసారి చాపలు చుట్టిపెడుతూ అడిగాను. “మీకు దీనివల్ల ఏం మేలు జరిగిందండీ, నిజం చెప్పండి.”

చుట్టిన చాప గోడకి ఆనించారు. “అరిచే ముందు కొంచెం గ్యాప్ వస్తుందండీ. ఇదివరకు వచ్చేది కాదు.”

“అప్పుడు అరవరా?”

“అరుస్తాను. కానీ అరవబోతున్నానని తెలుస్తుంది.” ఆవలించారు. “ఇంతకంటే ఎక్కువ జరిగిందని ఎవరన్నా చెప్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నేనేమీ అనుకోను.”

నాకు మెల్లగా నిద్రపట్టడం మొదలైంది. బస్సులో ఊపిరి అందనట్టు అనిపించినప్పుడు భుజాలు దించుకోవడం అలవాటైంది. అంతే. కాలేజీ మారలేదు, బస్సు మారలేదు.

ఆ ఏడాదే మా కాలేజీ హాస్టల్లో ఒక అమ్మాయి తెల్లవారుజామున స్టడీ అవర్‌కి దిగుతూ, నడుస్తూ నడుస్తూనే నిద్రపోయి మెట్ల మీద నుంచి పడింది. ముందుపన్ను విరిగింది, చెయ్యి విరిగింది. తల్లిదండ్రులు దివిసీమ నుంచి వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్ళని సముదాయించి పంపాక మీటింగ్ పెట్టి, పిల్లలకి ఒత్తిడి తగ్గించడానికి యోగా పెట్టిద్దామని తేల్చారు. నేను యోగాకి వెళ్తానని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి మీ మేడంని తీసుకురమ్మన్నారు. 

సిస్టర్ గారు వెంటనే ఒప్పుకున్నారు. “పిల్లలైతే మొండికెయ్యరు, చెప్పింది చేస్తారు” అని సంబరపడ్డారు. ఇస్త్రీచీర కట్టుకుని వచ్చారు.

భోజనాల హాల్లో బల్లలు గోడవారకి జరిపించి, రెండు సెక్షన్ల ఆడపిల్లల్ని కూర్చోబెట్టాం. సిస్టర్ గారు వాళ్ళ ముందు నిలబడి భుజాన తువ్వాలు సర్దుకున్నారు. వరసల మధ్య నడిచారు. ఒకమ్మాయి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూశారు. ఇంకొకమ్మాయి కళ్ళకింద వేలితో మెల్లగా నొక్కారు.

“ఎప్పుడు లేస్తారమ్మా మీరు?”

“తెల్లారకముందే మిస్.”

“పడుకునేది?”

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, “వార్డెన్ మేడం పడుకున్నాక” అంది. నవ్వులు. ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది, నవ్వే ఓపిక లేనట్టు.

“పడుకోండి” అన్నారు సిస్టర్ గారు.

“అదేం ఆసనం మిస్?”

“పేరు తర్వాత చెప్తాను. ముందు పడుకోండమ్మా. చున్నీ మడిచి తలకింద పెట్టుకోండి. పక్కకి తిరుగుతారా, తిరగండి. కాళ్ళు ముడుచుకుంటారా, మీ ఇష్టం.”

లైట్లు తీసేయమని నాకు సైగ చేశారు. ‘వదలండి’ అన్న మాట కూడా అనాల్సిన పని లేకపోయింది. చూస్తుండగానే హాలంతా నిద్రపోయింది. అలాంటి నిద్ర నేను పసిపిల్లల దగ్గర తప్ప చూడలేదు. నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకరి చెయ్యి ఒకరి మీద పడింది. ఒకమ్మాయి నిద్రలో ఏదో సూత్రం అప్పజెప్పి ఆగిపోయింది. చేతికి కట్టుతో ఉన్న ఆ దివిసీమ అమ్మాయి గోడవారన ముడుచుకుని పడుకుంది. సిస్టర్ గారు తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె కాళ్ళ మీద కప్పారు. ఆ తర్వాత బల్లకి ఆనుకుని నిలబడి, ఛాతీ మీద చేతులు కట్టుకుని, వార్డులో కాపలా ఉన్నట్టు ఉండిపోయారు.

కాసేపటికి ప్రిన్సిపాల్ గారు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఇదేంటి మేడం, అంతా పడుకున్నారు?”

“మెల్లగా మాట్లాడండి సార్” అన్నారు సిస్టర్ గారు.

“యోగా చేయిస్తారని కదా పిలిచాం. ఒంటికాలి మీద నిలబడేది ఉంటుంది చూడండి, అది వేయించండి. ఫొటోలో బాగుంటుంది. పేరెంట్స్‌కి పంపించాలి.”

“వీళ్ళు రెండు కాళ్ళ మీదే నిలబడలేకుండా ఉన్నారండీ.”

“ఈ నిద్రకి మిమ్మల్ని పిలవడం ఎందుకమ్మా?”

“అదే నేనూ అడుగుదామనుకుంటున్నా. వీళ్ళకి యోగా అక్కర్లేదు సార్. ఇంకాస్త నిద్ర కావాలి. అది ఇవ్వడానికి నేనెవర్ని? మీరే ఇవ్వాలి.”

ప్రిన్సిపాల్ గారి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. “మేడం, మీరు తీసుకొచ్చారు కదా, మీరు చెప్పండి. లేపమనండి.”

 నా భుజాలు చెవుల దగ్గరికి వెళ్ళిపోయాయి. తెలుస్తూనే ఉంది, దించడం చేతకావడం లేదు. నిద్రపోతున్న పిల్లల వైపు చూశాను. రేపు మళ్ళీ తెల్లారకముందు ఇదే హాలుకి వీళ్ళని లేపుకొచ్చేవాళ్ళలో నేనూ ఉంటాను.

“పీరియడ్ ఇంకా ఉంది కదండీ. బెల్లు కొట్టేదాకా ఉండనివ్వండి సార్” అన్నాను.

ఆయన నన్ను నమ్మలేనట్టు చూశారు. కోప్పడతారనుకున్నాను. గోడవారనున్న కుర్చీలో కూర్చుండిపోయారు. “పైవాళ్ళు నన్ను అడుగుతారమ్మా. నేను మాత్రం నిద్రపోతున్నానా?” అన్నారు, మెల్లగా. సిస్టర్ గారు ఆయన వైపు వంగి, “అక్కడ చోటుంది, మీరూ నడుం వాల్చండి” అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అన్నారు. ఆయన ఒక్క క్షణం ఆ ఖాళీ నేల వైపు చూశారు. అంతలో ఫోన్ మోగింది, లేచి వెళ్ళిపోయారు. ఫొటోగ్రాఫర్ కెమెరా దించుకుని ఆయన వెనకాలే వెళ్ళాడు.

బెల్లు కొట్టగానే పిల్లలు దొంగల్లా ఉలిక్కిపడి లేచారు. జుట్టు సరిచేసుకుంటూ, పుస్తకాలు ఏరుకుంటూ పరిగెత్తారు. దివిసీమ అమ్మాయి తువ్వాలు మడిచి తెచ్చిచ్చి, విరిగిన పన్ను కనపడకుండా పెదవి మూసుకుని, “మళ్ళీ ఎప్పుడొస్తారు మిస్?” అంది. సిస్టర్ గారు ఆ పిల్ల తల నిమిరారు. 

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ నా మీద మొదటిసారి అరిచారు. “నన్నెందుకు తీసుకెళ్ళారండీ అక్కడికి? పిల్లల్ని గోతిలో వేసి, తాడు వెయ్యరట. గోతిలో హాయిగా ఎలా కూర్చోవాలో నేర్పమని నన్ను పిలుస్తారట.” డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

“నేనూ ఆ గోతిలోనే ఉన్నాను కదండీ. మరి నాకు నేర్పారుగా” అన్నాను.

“మీరు పెద్దవారు. కాస్త బలం వస్తే ఎక్కి బయటికొస్తారేమోనని నేర్పాను. ఎక్కరు. మీ ఇష్టం.” కానూరు దాటేదాకా బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత, “అరిచాను కదూ? గ్యాప్ రాలేదు ఇవాళ” అన్నారు.

కాలేజీవాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ పిలవలేదు. మైకూ స్పీకర్లూ తెచ్చుకునే ట్రైనర్ ఒకతను వచ్చాడు. పిల్లలంతా ఒంటికాలి మీద నిలబడిన ఫొటో రిసెప్షన్‌లో పెద్దదిగా పెట్టారు. నన్ను ఇంకా దూరంగా ఉన్న క్యాంపస్‌కి మార్చారు. ఆ వేసవిలో నేను ఉద్యోగం మానేశాను. మా ఆయన కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు పెనమలూరు దగ్గర ఒక చిన్న స్కూల్లో సైన్సు చెప్తున్నాను. ఉద్యోగం మానెయ్యగానే అంతా బాగైపోయిందని రాయాలని ఉంది కానీ, కాలేదు. ఈ స్కూల్లోనూ మీటింగులున్నాయి. కొన్ని రోజులు ఇప్పటికీ ఊపిరి అందదు. తెల్లవారుజామున నేను ఎవరి పిల్లల్నీ నిద్ర లేపడం లేదు. ప్రస్తుతానికి అదొక్కటే నాకున్న నిమ్మళం.

మానేశానని చెప్పడానికి వెళ్ళినప్పుడు సిస్టర్ గారు శభాష్ అనలేదు. “ఇంట్లో గొడవైందా?” అని అడిగారు. అయిందన్నాను. “రేపు కాస్త ముందు రండి. నడుం చూద్దాం” అన్నారు.

తర్వాత ఒక వర్షాకాలం ఆవిడకి దగ్గు పట్టుకుంది. మరలో పిండి దుమ్ము అనుకున్నాం. మెట్లెక్కి వచ్చి కిటికీ పట్టుకుని నిలబడేవారు. నర్సుగా చేసిన మనిషి, ఆవిడకి ముందే తెలిసి ఉంటుంది. మాకు మాత్రం ‘ఈ వారం క్లాసు లేదు’ అనే చెప్పారు. వారం నెలైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, అది మామూలు నీరు కాదని, సూర్యారావుపేటలో ఆస్పత్రిలో ఉన్నారని షుగరు గారు మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 

ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. క్లాసువాళ్ళు అప్పటికే మంచం చుట్టూ చేరారు. ఎత్తుగా దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు ఆవిణ్ణి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ప్రతి ఊపిరికీ మెడ నరాలు లేస్తున్నాయి. “అనులోమ విలోమం చెయ్యండి సిస్టర్, గొట్టం ఉన్నా చెయ్యొచ్చు” అంటోంది ఒకావిడ. “మంచి ఆలోచనలు చెయ్యాలి. మీరే కదా మాకు చెప్పింది” అంటున్నారు మోకాలు గారు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. సిస్టర్ గారు చెయ్యెత్తి, సరే సరే అన్నట్టు ఊపారు. అందరూ వెళ్ళాక నన్ను ఉండమని సైగ చేశారు. ఆవిడ ఆడపడుచు గుడివాడ నుంచి వచ్చి తోడుంటోంది. పాలు కాచుకొస్తానని ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని కిందికి వెళ్ళింది. 

గదిలో మేమిద్దరమే ఉన్నాం.

“భయమేస్తోందమ్మా” అన్నారు సిస్టర్ గారు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని చెయ్యి పట్టుకున్నాను.  నాకు తెలిసిందల్లా ఆవిడ నేర్పిందే.

“ఊపిరి మీద ధ్యాస పెట్టమని ఇన్నేళ్ళూ చెప్పాను కదా మీకు. ఇప్పుడు ధ్యాసంతా దాని మీదే ఉంది. తియ్యి, వదులు, తియ్యి, వదులు... ఒక్క క్షణం మర్చిపోనివ్వడం లేదు. నరకంగా ఉంది.” ఆగి, మళ్ళీ కూడదీసుకున్నారు. “వేరే ఏదన్నా చెప్పు. యోగా వద్దు, దేవుడొద్దు. ఇవాళ ఏం వండావు?”

ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదలు.

“దోసకాయ పప్పండీ.”

“ఎలా చేశావు?”

చెప్పాను. దోసకాయ కొయ్యగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూశానని, చెక్కు తియ్యలేదని, గింజలు మాత్రం తీశానని. కందిపప్పు కాస్త దోరగా వేయించానని. ఆవిడ కళ్ళు మూసుకుని వింటున్నారు. “పచ్చిమిరపకాయలా, కారమా?” అన్నారు. పచ్చిమిరపకాయలే అన్నాను, నిలువుగా చీరి వేశానన్నాను. “చింతపండు?” కొంచెమేనన్నాను. “ఊఁ. చెప్పు, ఆపకు.”

దోసకాయ పప్పు అయిపోయింది. నిన్నటి వంకాయ కూర చెప్పాను. మా అమ్మ కొరమేను పులుసు చెప్పాను, ముక్కలు ఉప్పూ పసుపూ వేసి రుద్ది కడగడం దగ్గర నుంచి, పులుసులో గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పడం దాకా. రైతుబజార్లో చుక్కకూర కట్టలు ఎలా ఏరతానో చెప్పాను. ఇంత వివరంగా ఎవరికీ ఏదీ చెప్పినట్టు గుర్తులేదు, క్లాసులో పిల్లలకి కూడా. చెప్తూ ఉండగా ఆవిడ మెడ నరాలు కాస్త సర్దుకున్నాయి. పట్టుకున్న చెయ్యి వదులైంది. నిద్రపోయారనుకున్నాను. అయినా చుక్కకూర పప్పు ఉడికించి, మెదిపి, పోపు మూకుడు పొయ్యి మీద పెట్టాను.

తలుపు తీసుకుని ఆడపడుచు వచ్చింది. నేను ఆగిపోయాను.

“మా వదిన ఏమన్నా మాట్లాడిందా అండీ? పొద్దున్నుంచి నోరు విప్పలేదు” అంది, గొంతు తగ్గించి.

“వంటల గురించి చెప్పించుకున్నారండీ.”

ఆవిడ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, ఆశ్చర్యంగా చూసి, అంత బాధలోనూ నవ్వింది. “మా వదినా? వంటలా? జన్మలో పొయ్యి దగ్గర సరిగ్గా నిలబడిన మనిషి కాదండీ. డ్యూటీలని అసలు ఇంట్లో ఉంటేగా! ఈవిడ వండింది తినలేక మా అన్నయ్యే నేర్చుకున్నాడు. మంచాన పడేదాకా వాడే వండాడు.”

నేను సిస్టర్ గారి వైపు చూశాను. ఆవిడ కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. వినపడక చెవి దగ్గరికి వంగాను.

“పోపు దగ్గర ఆపావు” అన్నారు.

నూనె కాగిందన్నాను. ఆవాలు వేశానన్నాను.